ఊదుగొట్టమూ గాజుబుడ్డీ

భీమునిపట్నపు (భీమిలి) ఒడ్డున వేసవి సాయంకాలము గోలీసోడా త్రాగిన పిల్లవాడు, ఖాళీ బుడ్డిని తలక్రిందులు చేసి, విదిలించి, మూతిలో వ్రేలు దూర్చి, గోలీ వెలుపలికి రాదని రూఢిపరచుకొన్న పిమ్మట, అది లోపలికి ఎట్లు పోయినదని ప్రక్కనున్న పెద్దవారిని అడుగక మానడు. ఆ పెద్దవారును తమ చిన్ననాట ఇదే ప్రశ్న అడిగి సమాధానము పొందనివారే యగుటచేత, బండివాడు బుడ్డికై చూచుచున్నాడని చెప్పి మాట దాటవేయుదురు. గాజును ఊపిరితో మలచెడి విద్యను పిల్లలకు తెలుపదలచినవారు వెనీసు నగర వైభవముతోనో, ప్రాచీన ఈజిప్టు రాజుల పెన్నిధులతోనో కథ మొదలుపెట్ట నక్కరలేదు. ఈ బుడ్డి చాలును.

దీనిని హైరం కాడ్ అను ఆంగ్లేయుడు 1872లో పేటెంటు చేయించెను. సోడానీటిలోని వాయువు బిరడాను ఎగదన్నుట ఆనాటి వర్తకులకు పెద్ద బెడదగా ఉండగా, ఎగదన్నెడి ఆ బలమునే బిరడాకు కాపలా పెట్టవచ్చునని అతనికి తోచినది. మూతి లోపలి గాడిలో ఒక రబ్బరు వలయము, దానికి దిగువ ఒక గోలీ. బుడ్డిని బోర్లించి నింపునప్పుడు గోలీ మూతివైపునకు జారును, లోపలి వాయువు దానిని వలయమునకు అదిమిపట్టును. మెడకు నొక్కిన నొక్కులలో ఒకటి గోలీని బుడ్డి అడుగునకు పడిపోనీయదు; తక్కినవి త్రాగువేళ దానిని ప్రక్కకు ఆపిపట్టి నీటికి దారి ఇచ్చును. ఇక గోలీ ప్రవేశించిన మార్గమందురా, బుడ్డిని అచ్చులో ఊది చేయునప్పుడు మూతిని వెడల్పుగానే విడిచి, గోలీని లోపలికి జారవిడిచి, తరువాత మూతిని మాత్రము మరల ఎఱ్ఱగా కాచి పనిముట్టుతో ఇరుకుగా దిద్దుదురు. కాలిన కుండ తిరిగి మట్టి కాజాలదు, కోసిన కొయ్య తిరిగి అతుకదు. గాజు మాత్రము ఎన్ని మారులు కాచినను అన్ని మారులును మెత్తబడి, చేతి మాట వినును.

ఈ స్వభావమే ఈ విద్య కంతకును మూలము. వెండియో రాగియో ఒక నిర్ణీతమైన వేడిమివద్ద అంతవరకు గట్టిగా నున్నది ఒక్కసారిగా నీరగును. గాజునకు అట్టి హద్దు లేదు. సంక్రాంతికి అరిసెలు వండు తల్లి పొయ్యిమీది బెల్లమును లేతపాకము, తీగపాకము, ముదురుపాకము అని గుర్తించునట్లే, గాజుపనివాడును కొలిమినుండి తీసిన ముద్దను, కారునది, సాగునది, వంగునది, బిగిసినది అని కంటి రంగునుబట్టియు చేతి బరువునుబట్టియు గుర్తించును. అతని పని యంతయు సాగుటకును బిగియుటకును నడుమనున్న కొద్ది నిమిషములలోనే ముగియవలెను, ముగియనిచో మరల కొలిమిలో పెట్టవలెను.

ముద్ద దేనితో చేసిరని పిల్లలు తరువాత అడుగుదురు. ఇసుకతో అని చెప్పినంతనే, సముద్రపుటొడ్డున పుట్టిన పిల్లలు గనుక, మన ఇసుకతో చేయరాదా యని వెంటనే అడుగుదురు. మంచి ప్రశ్న. స్వచ్ఛమైన ఇసుక కరుగుటకు సుమారు 1,700 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి కావలెను. సోడాక్షారము కలిపినచో అది చాల తక్కువ వేడిమికే లొంగును. కాని ఇసుకయు సోడాయు మాత్రమే యైన గాజు నీటిలో కరగిపోవును గనుక దానిని నిలుపుటకు సున్నము కావలెను. నూరు పాళ్ల సాధారణపు గాజులో ఇసుక డెబ్బదికి పైగా, సోడా పదునాలుగు, సున్నము పది ఉండునని స్థూలముగా చెప్పవచ్చును. ఇక మన ఇసుక సంగతి. గోస్తనీనది సముద్రమును చేరు ఈ తీరమున అల వెనుదీసినప్పుడు నల్లని చారలును ఎఱ్ఱని చారలును నిలుచుట చూడవచ్చును: నల్లనిది ఇల్మనైటు, ఎఱ్ఱనిది గార్నెట్టు, రెండింటను ఇనుము గలదు. ఊరికి చేరువనున్న ఎఱ్ఱమట్టి దిబ్బల ఇసుకరేణువులకును ఇనుపతుప్పు పూతయే ఆ రంగు నిచ్చినది. ఇనుము చేరిన గాజు పచ్చబారును; సోడాబుడ్డి పచ్చని ఛాయకు కారణ మదియే. తెల్లని గాజునకు పనికివచ్చు సిలికా ఇసుక మన రాష్ట్రమున గూడూరు ప్రాంతమునందు గలదు, అచ్చటినుండియే గాజు కర్మాగారములకు పోవుచున్నది. భీమిలి ఇసుక అందమునకు, గూడూరు ఇసుక అద్దమునకు అని పిల్లలకు చెప్పి ముందుకు సాగవచ్చును.

రోమను పండితుడు ప్లీనీ ఒక కథ చెప్పినాడు. సోడా దిమ్మల సరకుతో పోవు ఓడవర్తకులు ఫినీషియా తీరపు ఇసుకమీద వంటకు దిగి, పొయ్యిరాళ్లు దొరకక సోడా దిమ్మలనే పొయ్యిగా పేర్చి మంట పెట్టగా, ఇసుకయు సోడాయు కలిసి గాజై ప్రవహించెనట. కథ రమ్యమైనదే గాని, గాలికి ఎదురుగ వేసిన వంటమంట ఆ వేడిమిని అందుకొనజాలదు. మన పిల్లలు ఒడ్డున చలిమంట వేసి మరునాడు బూడిదలో వెదకినచో వారికి బూడిదయే దొరకును. ప్లీనీని పరీక్షించుటకు ఇంతకంటె సులభమైన మార్గము లేదు.

గాజు పుట్టిన చాలకాలమునకుగాని గాజు నూదుట పుట్టలేదు. పశ్చిమాసియాలోను ఈజిప్టులోను క్రీస్తుకు పూర్వము 1500 నాటికే గాజు పాత్రలు గలవు; కాని అవి ఊదినవి కావు. మట్టితో బుడ్డి ఆకారము చేసి, దానిపై కరగిన గాజును చుట్టి, చల్లారిన పిమ్మట లోపలి మట్టిని గీకి తీసెడివారు. అరచేతిలో ఇముడు అత్తరుబుడ్డికి అంత శ్రమ పట్టుటచేత అది రాజులకే దక్కెను. సుమారు రెండువేల ఏండ్లక్రిందట, క్రీస్తుకు పూర్వపు మొదటి శతాబ్దిలో, సిరియా పాలస్తీనా తీరమున ఎవరో ఒక పనివాడు ఒక కొస మూసిన గాజుగొట్టమును వేడిచేసి రెండవ కొసనుండి ఊదెను. అట్టి గొట్టముల తుంపులు, సగము ఉబ్బిన బుడగలు జెరూసలేములోని ప్రాచీన చెత్తగుంటలో దొరకినవి. తరువాత గాజుగొట్టమునకు బదులు ఇనుపగొట్టము వచ్చెను. ఒక తరములో నేర్వదగిన ఈ చిన్న ఉపాయముతో పని ఎంత తేలికయైనదనగా, రోములో ఒక రాగినాణెమునకు గాజుగిన్నె దొరకునని భూగోళశాస్త్రజ్ఞుడు స్ట్రాబో వ్రాసెను.

మన తెలుగునాటను ఊదుగొట్టము లేకపోలేదు. కట్టెపొయ్యి గల ప్రతి వంటింటను ఒకటి ఉండెడిది; కంసాలివాని కుంపటి ప్రక్కన మరియొకటి. ఐతే ఆ గొట్టములు రెండును నిప్పునకై ఉద్దేశింపబడినవి. మన ఊపిరి మంటను పెంచెను, మంట వస్తువును కరగించెను, వస్తువును సుత్తియు అచ్చును మలచెను. ఊపిరి నేరుగా వస్తువులోనికే దూరి దానికి కడుపు కల్పించుట యనునది మన పనివాండ్ర ఆచారము కాలేదు. అది తెలియకపోయెనా? భీమిలికిని విశాఖకును నడుమ సముద్రమును చూచుచు నిలిచిన తొట్లకొండ బౌద్ధారామమున, 1988 మొదలుకొని జరిగిన త్రవ్వకములలో, సాతవాహనుల నాణెములతోబాటు రోమను వెండినాణెములును దొరకినవి. రోములో ఊదిన గాజు వీథులకెక్కిన యుగమున ఈ తీరము ఆ వర్తకమునకు దూరముగా లేదు. పశ్చిమతీరపు ముజిరిసు రేవున ముడిగాజు దిగుమతి యగుచుండెనని ఆ కాలపు గ్రీకు నావికుని గ్రంథము పెరిప్లసు చెప్పుచున్నది. భారతదేశపు గాజు పగిలిన స్ఫటికముతో చేసినదగుటచే దానికి సాటి లేదని ప్లీనీ పొగడినాడు. తెలిసియు ఊదలేదని తోచును. నోటితో ఊదినది ఎంగిలి యగునని సంకోచించిరని కొందరు చెప్పవచ్చును. ఉత్తరాదిన ఊదిన పన్నీరుబుడ్లను ఆచారవంతులే శుభకార్యములలో వాడిరి గనుక ఆ వాదము నిలువదు. నీటికి కంచు చెంబు, పాలకు మట్టి దుత్త, నూనెకు జాడీ ఉన్న ఇంటిలో పగులు గిన్నెకు పని లేకపోయెను. గాజుతో మనవారికి కావలసినవి మెడకు పూసలు, చేతికి గాజులు. ఆ రెండింటికిని ఊపిరి అక్కరలేదు.

అక్కరలేని విద్యకు బదులు మనవారు సాధించిన విద్య సామాన్యమైనది కాదు. చిత్తూరు మండలమున, నేటి తిరుపతి జిల్లాలో, రేణిగుంటకు సమీపమున పాపానాయుడుపేట యను గ్రామమున ఇటీవలి దశాబ్దములవరకు సాగిన గాజుపూసల పనిని పిల్లలకు విడమరచి చెప్పవలెను. లడ యను పొడవైన ఇనుపగొట్టము కొసకు కొలిమినుండి కరగిన గాజును చుట్టిచుట్టి, దొర్లించి, శంఖాకారముగ పెద్దముద్ద చేయుదురు. ఊదరు. గొట్టము వెనుకనుండి ఒక ఇనుపకడ్డీని దూర్చి ముద్ద నడుమగుండ మొనదాక పొడిచి రంధ్రము కల్పింతురు. తరువాత ఆ ముద్దను కొలిమిలోనే ఉంచి, ఎదుటి కంతవద్ద కూర్చున్న పెద్దపనివాడు కొక్కెముతో దాని మొన నందుకొని లాగును; లాగినకొలది ముద్దలోని రంధ్రమును సన్ననై, గాజు బోలుతీగగా సాగివచ్చును. అతడు రెండుమూడు గంటలు ఎడతెగక, ఒక చేతి వెనుక ఒక చేయిగా, వేగము తగ్గనీయక పెరుగనీయక లాగుచునే యుండును: తొందరపడినచో తీగ తెగును, ఆలసించినచో లావగును, పూస పరిమాణము నిర్ణయించునది అతని చేతివేగమే తప్ప కొలబద్ద కాదు. వచ్చిన తీగను గజము పొడవు కొమ్మలుగా విరిచి, నిలువుకత్తిమీద ఆనించి మరియొక కత్తితో చిన్నచిన్న తునకలుగా కోయుదురు. ఆ తునకల అంచులు వాడిగా నుండును. వాటిని బూడిదతో కలిపి పెంకులో మరల కాచినచో అంచులు కరగి గుండ్రబడును, రంధ్రములో నిండిన బూడిద దానిని మూసికొనిపోనీయదు. పిదప జల్లెడపట్టి పరిమాణములు వేరుచేయుట, ఇండ్లలో స్త్రీలు దారములకు గ్రుచ్చుట.

ఇట్టి లాగుడుపూసలు క్రీస్తుకు పూర్వపు శతాబ్దులలోనే పుదుచ్చేరి దగ్గరి అరికమేడున తయారై, తూర్పున ఇండోనేషియా, కొరియా, జపానులవరకును, పడమట ఆఫ్రికా తూర్పుతీరమువరకును పోయెను. వాటికి ఇండోపసిఫిక్ పూసలని పేరుపెట్టిన అమెరికను పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్, ఆ ప్రాచీన పద్ధతి సజీవముగ మిగిలిన చోటు పాపానాయుడుపేట యని గుర్తించెను. వెనీసువారు తమ లాగుడుపూసలకు ముద్దలో ముందు ఊది బుడగ కల్పించి, ఇరువురు దానిని చెరియొక కొసను పట్టి ఎదురెదురు దిక్కులకు పరుగెత్తెడివారు; మనవారు కడ్డీతో పొడిచి, కూర్చుండి లాగిరి. పరుగెత్తినవారి కథ పిల్లలకు హుషారు కలిగించునది గాని, కూర్చుండి లాగినవారి పని కష్టతరమైనదని నా అభిప్రాయము.

భీమునిపట్నమునకు ఊదిన గాజు ఓడలమీదనే వచ్చెను. పదునేడవ శతాబ్దిలో డచ్చి ఈస్టిండియా కంపెనీవారు వస్త్రముల వర్తకమునకై ఇచ్చట స్థావరము ఏర్పరచుకొనిరి. 1825లో ఊరు ఆంగ్లేయుల వశమయ్యెను. డచ్చివారి సమాధులు నేటికిని ఊరిలో నిలిచియున్నవి. ఆ కాలపు డచ్చి ఓడలు తూర్పుదేశములకు తెచ్చిన మద్యపుబుడ్లలో పెక్కు గుండ్రనివి కావు, నలుపలకలవి. ఊదిన గాజు సహజముగ గుండ్రన కావలెను గదా, నలుపలక ఎట్లైనదని పిల్లలను అడిగి కొంతసేపు ఊరకుండుట మంచిది. చదరపు అచ్చులో పెట్టి ఊదిరి. ఏలయనగా, ఓడ ఊగునప్పుడు గుండ్రని బుడ్ల నడుమ ఖాళీలు ఏర్పడి అవి ఒరసికొని పగులును, నలుపలకలవి అరలపెట్టెలో ఒకదానిప్రక్క నొకటి బిగిసి కూర్చుండును. తరువాతి కాలమున గుజరాతులో ఇదే ఆకారపు బుడ్లకు రంగుల బొమ్మలు వ్రాసిరి.

ఊరిలోనే చూపదగిన మరియొక గాజు సెయింట్ పీటర్స్ చర్చిలో గలదు. 1864 నాటి ఆ ఆలయమున క్రీస్తు శిలువ ఘట్టమును చూపు రంగుటద్దపు కిటికీ ప్రసిద్ధము. పిల్లలు దానిముందు నిలిచినప్పుడు, ఈ పలుచని పలకలును ఊదినవే యన్నచో నమ్మరు. బుడ్డిని ఊదుట తెలిసినది, పలకను ఎట్లు ఊదుదురు? ఆ కాలపు ఐరోపాలో రంగుటద్దములు సాధారణముగ చేసిన తీరు ఇది. పనివాడు ఎత్తైన అరుగుమీద నిలిచి, గొట్టము కొసనున్న పెద్ద బుడగను క్రిందనున్న గోతిలో గడియారపు లోలకమువలె ఊపుచు ఊదును. తన బరువునకే అది మనిషియెత్తు సొరకాయగా సాగును. రెండు కొసలు కోసివేసినచో బోలుస్తంభ మగును. దానిని నిలువునా చీల్చి, వెడల్పైన పొయ్యిలో మరల కాచినచో, చీలిక విచ్చుకొని పలకగా పరచుకొనును. 1851లో లండనులో కట్టిన క్రిస్టల్ ప్యాలెస్ అను స్ఫటికభవనమునకు కావలసిన దాదాపు 3,00,000 అద్దములను బర్మింగుహాము సమీపమున చాన్స్ సోదరుల కర్మాగారమున ఈ రీతినే నోటితో ఊది చేసిరి.  రంగులందురా, నీలమునకు కోబాల్టు, ఊదారంగునకు మాంగనీసు, ఎఱుపునకు రాగియో బంగారమో. రంగు పైపూత కాదు, గాజులోనే కలిసినది. చేతితో ఊదిన అద్దములో చిన్నచిన్న బుడగలును కొద్ది అలలును ఉండును. వెలుగు వాటిలో చెదరుటచేతనే రంగులు కదలుచున్నట్లు తోచును. యంత్రము చేసిన నున్నని అద్దములో ఆ కదలిక లేదు.

మన దేశమున ఊదెడి విద్య ఉత్తరమున ఫిరోజాబాదులోను, పశ్చిమమున కపడ్వంజ్‌లోను వేళ్లూనినది. లంబాడీ స్త్రీల దుస్తులమీద మెరయు అద్దపు బిళ్లలవంటి వాటికై కపడ్వంజ్ పనివారు పెద్ద గుమ్మడికాయంత బుడగ నూది, లోపల కళాయి పూసి, ముక్కలు చేసెడివారు. అందుచేతనే పాత బిళ్లలు కొంచెము ఉబ్బెత్తుగ నుండును. స్వదేశీ ఉద్యమకాలమున, ఒక్కొక్కరు ఒక్క పైసా చొప్పున వేసిన చందాలతో పూనా చేరువ తళెగాఁవ్‌లో 1908లో పైసాఫండు గాజు కర్మాగారము వెలసి, అచ్చట పని నేర్చినవారు దేశమంతట కొలుములు పెట్టిరి. నేటికిని విశ్వవిద్యాలయపు రసాయనశాలలలో వంకర గొట్టములు, బుడ్లు మంటమీద ఊది అతుకు నిపుణుడు అరుదుగ కనబడును. ఈ విద్యను కంటితో చూడగోరు పిల్లలకు అట్టివాని బల్లకంటె మంచి పాఠశాల లేదు.

ఈ కథలో పిల్లలకు దాచరాని భాగ మొకటి గలదు. కొలుములవద్ద పనిచేసినవారిలో పిల్లలును ఉండిరి. ఎఱ్ఱని బుడ్లను కడ్డీమీద మోసికొని చల్లార్చు పొయ్యికి పరుగెత్తుట వారి పని. ఐరోపా, అమెరికాలలోను, మన ఫిరోజాబాదులోను ఇది జరిగినదే. ఆ పొయ్యియు ముఖ్యమైనదే: ఐదువందల డిగ్రీల ప్రాంతమున ఉంచి నిదానముగ చల్లార్చని బుడ్డి, పైభాగము ముందు బిగిసి లోభాగము తరువాత కుంచించుకొనుటచే, ఎవరును ముట్టకయే ఒకనాడు పగిలిపోవును. పదియేండ్ల ప్రాయమున గాజు కర్మాగారమున బొగ్గు ఎత్తుటతో జీవితము మొదలుపెట్టిన మైకేల్ ఓవెన్సు అను అమెరికను, 1903 నాటికి బుడ్డిని తనంత తాను ఊదు యంత్రమును సిద్ధము చేసెను. దానితో వేలకొలది పనివాండ్ర ఊపిరి విలువ పోయెను. కొలుములవద్ద పిల్లల పరుగును తగ్గెను. ఈ రెండింటిలో ఏది పెద్దదని నన్నడిగినచో, రెండవదే యందును.

గాజు ప్రసక్తి వచ్చినప్పుడు వెనీసు ద్వీపమైన మురానో పేరే తరచుగ వినబడును. పాపానాయుడుపేట పేరు అరుదుగ వినబడును. లడ పట్టిన చేతులుగల వృద్ధులు ఆ ప్రాంతమున మిగిలియుండగనే, వారి పనిముట్ల పేర్లను వారి నోటనే విని వ్రాసికొని, ఒక లడను, ఒక కొక్కెమును, ఒక పూసల జల్లెడను విశాఖపట్నములో బడిపిల్లలు చూడగల చోట నుంచుడని ఉపాధ్యాయులను, పురావస్తుశాఖవారిని కోరుచున్నాను.